ఎండ, నీడ, గ్రహణం – మా నోటుబుక్కు చెప్పిన పాఠం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, జ్ఞాపకాలు ఎప్పుడూ ఉంటాయి. ఈసారి ఒక సైన్సు వ్యాసం కూడా ఉండాలని సంచిక బాధ్యులు మమ్మల్ని అడిగారు. మేము శాస్త్రవేత్తలం కాము. ఈ హాస్టల్ గదుల్లో చాపలు పరుచుకొని చదువుకున్న ముగ్గురం. మా అమ్మానాన్నలు పాలమూరు నుంచి వలస వచ్చి గచ్చిబౌలి, కోకాపేట వైపు కొత్త కట్టడాల దగ్గర పని చేసేవారు. తోటి పిల్లలకు వేసవి సెలవులంటే సొంత ఊరు, మామిడి తోటలు. మాకు వేసవి సెలవులంటే ఇసుక కుప్పలు, సిమెంటు బస్తాలు, రేకుల గది. అక్కడే రెండు వేసవులు ఎండను గమనించి ఒక 200 పేజీల నోటుబుక్కులో రాసుకున్నాం. 2020 జూన్ 21న పాక్షిక సూర్యగ్రహణాన్ని కూడా అక్కడి నుంచే చూశాం. ఆ నోటుబుక్కులోని పాఠమే ఈ వ్యాసం.

థర్మామీటరు ఎక్కడ పెట్టాలి?

2019 వేసవి సెలవులకు ముందు మా సైన్సు సారు ల్యాబులోని పాత థర్మామీటర్లు రెండు మాకిచ్చి, "రోజూ మూడుసార్లు చూసి రాయండి, ఒక్కరోజు కూడా వదలొద్దు" అన్నారు. మేము మొదటిరోజే ఒకదాన్ని రేకుల గోడ మీద మేకుకు తగిలించాం. మధ్యాహ్నానికి అది 50 దాటింది. మరునాడు పేపర్లో చూస్తే హైదరాబాద్ ఉష్ణోగ్రత దానికన్నా చాలా తక్కువ. పేపర్ వాళ్లు అబద్ధం రాస్తున్నారని మేము తేల్చేశాం!

సారుకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాం. ఆయన ఒకే ప్రశ్న వేశారు: "మీరు గాలి వేడిని కొలిచిండ్రా, రేకు వేడిని కొలిచిండ్రా?"

ఆ ప్రశ్నతోనే మా చదువు మొదలైంది. బేగంపేటలోనైనా మరెక్కడైనా వాతావరణ శాఖ వారు థర్మామీటరును ఎండలో పెట్టరు. తెల్ల రంగు వేసి, చుట్టూ గాలి ఆడేలా పలకలు అమర్చిన చెక్కపెట్టెలో, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున పెడతారు. దానిని స్టీవెన్సన్ పెట్టె అంటారు. అంటే పేపర్లో వచ్చే 40 డిగ్రీలు నీడలోని గాలి ఉష్ణోగ్రత. ఎండలో పెట్టిన థర్మామీటరు సూర్యకిరణాలను తానే పీల్చుకొని తన వేడిని తానే చూపిస్తుంది.

మరి స్లాబు మీద ఇనుప చువ్వలు కడుతున్న నాన్న సంగతి ఏమిటి? ఆయన నెత్తిన ఎండ, కాళ్ల కింద కాలిన కాంక్రీటు, చేతిలో కాలిన ఇనుము. ఆయన ఒంటికి తగిలే వేడి పేపర్లోని అంకెకన్నా ఎక్కువే. ఆ రోజు మేము నోటుబుక్కులో రాసుకున్న మొదటి వాక్యం ఇది: "అంకె నీడది, పని ఎండది."

నీడ మాయమయ్యే రోజు

హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆగస్టులో మబ్బులు అడ్డం వస్తాయి గనుక మే నెలలో చూడటం సులువు. సుమారు 12 గంటల 12 నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. మేము ఒక పీవీసీ పైపు ముక్కను నిలబెట్టి చూశాం. దాని నీడ దాని అడుగునే దాక్కుంది.

సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే వేడి ఎక్కువగా ఉండాలి కదా? కానీ మా నోటుబుక్కులో మధ్యాహ్నం 3 గంటల అంకె ఎప్పుడూ 12 గంటల అంకెకన్నా పెద్దదే. ఎందుకంటే సూర్యుడు మొదట నేలను వేడి చేస్తాడు, నేల గాలిని వేడి చేస్తుంది. పొయ్యి వెలిగించిన వెంటనే ఎసరు మరగదు కదా, ఇదీ అంతే.

రాత్రుళ్లు కూడా ఈ లెక్కే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్ల గుట్టలు, పొదలు, చెరువులు ఉండేవి. గుట్టలు కొట్టి, తారు రోడ్లు వేసి, కాంక్రీటు కట్టడాలు లేపిన తర్వాత పగటి వేడిని దాచుకునే వస్తువులు పెరిగాయి, దానిని తగ్గించే చెట్లు, తడినేల తగ్గాయి. రాత్రి 10 గంటలకు మా గది బయట గోడకు చేయి ఆనిస్తే ఇంకా వెచ్చగానే ఉండేది. దుర్గం చెరువు వైపు నడిచి వెళ్తే మాత్రం గాలి హాయిగా తగిలేది.

తడిబట్ట చెప్పే సంగతి

రెండో థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డపీలిక చుట్టి చూడమని సారు చెప్పారు. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది కనుక తడి థర్మామీటరు ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. పొడి, తడి అంకెల తేడా ఎక్కువగా ఉంటే గాలి పొడిగా ఉందని, చెమట త్వరగా ఆరుతుందని అర్థం. తేడా తక్కువైతే గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని మన పెద్దలు అంటారు. మా నోటుబుక్కు ఇంకో ముచ్చట కూడా చెప్పింది. జూన్ మొదట్లో ఎండ కాస్త తగ్గినా తడి, పొడి అంకెలు దగ్గరకు వస్తాయి. దానినే ఉక్కపోత అంటాం. ఆ రోజుల్లో కూడా వడదెబ్బ తగలవచ్చు. "ఎండ లేదు కదా" అని నీళ్లు తాగకుండా పని చేయకూడదు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకొని తాగాలి (చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువ కాకూడదు). మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

రేకుల గదిలో గ్రహణం

మొదటి గ్రహణాన్ని మేము హాస్టల్లోనే చూశాం. 2019 డిసెంబర్ 26న ఉదయం 8 దాటాక మొదలై 11 దాటాక విడిచింది. కేరళ, తమిళనాడులో అది వలయాకార గ్రహణం, మనకు పాక్షికం. వంట అక్క గ్రహణం పట్టక ముందే ఉప్మా చేసి పెట్టింది. ఆమె దగ్గర పూరీలు తీసే చిల్లుల గరిటె అడిగి తెచ్చుకొని, ఎండలో పట్టుకొని దాని నీడను చూశాం. ప్రతి చిల్లుకూ ఒక్కో చిన్న సూర్యుడు, ప్రతి సూర్యుడికీ ఒక పక్క కొరికినట్టు!

రెండో గ్రహణం నాటికి పరిస్థితి వేరు. కరోనా వల్ల 2020 మార్చిలోనే హాస్టళ్లు మూతపడ్డాయి. మేము మళ్లీ రేకుల గదులకే చేరాం. జూన్ 21 ఆదివారం. ఆదివారం వచ్చే సూర్యగ్రహణాన్ని చూడామణి అంటారు. మృగశిర కార్తె పోయి ఆరుద్ర కార్తె వచ్చే సమయం. రాజస్థాన్, హర్యానా, ఉత్తరాఖండ్‌లలో కొన్నిచోట్ల వలయం కనిపించింది. హైదరాబాద్‌లో ఉదయం 10.15 ప్రాంతంలో పట్టి, 12 కావస్తుండగా దాదాపు సగం సూర్యుణ్ని కప్పి, మధ్యాహ్నం 1.45 ప్రాంతంలో విడిచింది.

అప్పుడు మాలో ఒకరి వదినకు ఏడో నెల. గ్రహణం వేళ గర్భిణి కదలకూడదని, బయటి వెలుగు పడకూడదని, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదని అమ్మ పొద్దున్నే చెప్పింది. ఆమెను రేకుల గదిలో పడుకోబెట్టి, తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టింది. మూడున్నర గంటలు అలాగే ఉండాలి. మేము బయట గ్రహణం చూసే ఏర్పాట్లలో ఉన్నాం. ఎందుకో ఒకసారి థర్మామీటరును ఆ గదిలో పెట్టాలనిపించింది. బయట నీడలోకన్నా గదిలో నాలుగు డిగ్రీలు ఎక్కువ. వదిన చీర చెమటకు తడిసిపోయింది, పెదవులు ఎండిపోయాయి.

అమ్మతో వాదించాం. ఆమె మా మాట వినలేదు. "మీరు నాలుగు అక్షరాలు నేర్చుకున్నరు గని, బిడ్డకు మొర్రి వస్తే మీ పుస్తకం దిద్దుతదా?" అంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన భాషలో ఆ లోపం పేరే గ్రహణం మొర్రి. పేరులోనే భయం ఉంటే అమ్మను ఏమని తప్పుపడతాం?

మేము చెప్పగలిగింది చెప్పాం. కడుపులో బిడ్డకు పెదవి, అంగిలి ఏర్పడేది తొలి రెండు మూడు నెలల్లోనే. ఏడో నెలకు ఆ పని ఎప్పుడో అయిపోయింది. గ్రహణం అంటే సూర్యుడికీ మనకూ మధ్య చంద్రుడు రావడం, అంటే ఒక నీడ. నీడ కడుపులోకి పోదు, కానీ ఈ గదిలోని వేడి, దాహం వదిన ఒంటికి తగులుతున్నాయి. నోటుబుక్కు తెరిచి రెండు అంకెలూ చూపించాం. అమ్మకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. కూలి లెక్క చూసుకునే మనిషి కదా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి నీళ్ల బిందెలో గరిక వేసి, ఒక చెంబుడు ముంచి వదినకు ఇచ్చింది. తలుపు బార్లా తెరిచింది. బయటికి మాత్రం రానివ్వలేదు.

మేము గెలవలేదు, అమ్మ ఓడిపోలేదు. వదిన నీళ్లు తాగింది. ఆ పిల్లవాడు ఇప్పుడు చక్కగా బడికి పోతున్నాడు. పెదవులు ఆరోగ్యంగా ఉన్నాయి, మాటలు మాత్రం కొంచెం ఎక్కువే!

మా ప్రయోగంలో తప్పు

గ్రహణం వేళ ఉష్ణోగ్రత ఎంత తగ్గుతుందో కొలవాలని ఒక థర్మామీటరు ఎండలో, ఒకటి నీడలో పెట్టి పది నిమిషాలకొకసారి రాశాం. ఎండలోది బాగా దిగింది, నీడలోది కొద్దిగానే దిగింది. సంబరపడ్డాం. సాయంత్రం సారుకు చెబితే, "ఆకాశం ఎట్లుండె?" అని అడిగారు. ఆ రోజంతా మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. వేడి తగ్గింది చంద్రుడి వల్లనా, మబ్బు వల్లనా? మా దగ్గర జవాబు లేదు. మబ్బులు ఎప్పుడు వచ్చాయో మేము రాసుకోలేదు. ముందురోజు అదే సమయానికి అంకెలు తీసుకోలేదు. పోల్చి చూసేందుకు ఏమీ లేని కొలత సగం కొలతే.

రోకలి విషయంలో మాత్రం ఈ తప్పు చేయలేదు. గ్రహణం రోజున పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడితే నిలుస్తుందని అందరికీ తెలుసు. పక్క గది పెద్దమ్మ నిలబెట్టింది, నిలిచింది. వారం తర్వాత ఏ గ్రహణమూ లేని రోజున అదే రోకలిని అదే పళ్లెంలో మేము నిలబెట్టాం. అప్పుడూ నిలిచింది! అడుగు సమంగా ఉండి, ఓపికగా నిలబెడితే ఏ రోజైనా నిలుస్తుంది. పెద్దమ్మ నవ్వి, "నీకు దొరికిందిరా పని" అంది.

మన నేల మీద గ్రహణాలు

గ్రహణాన్ని కొలవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. ఆ గ్రహణపు పరిశీలనలు హీలియం కనుగొనడానికి దారితీశాయి. భూమి మీద హీలియం దొరికింది 1895లో, అంటే అది మొదట సూర్యుడిలో కనబడింది. అదే రోజున మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి మన పాలమూరు గడ్డ వనపర్తి నుంచి ఆ గ్రహణాన్ని పరిశీలించారు. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల–రంగాపూర్ వేధశాల సంపూర్ణ గ్రహణపు దారిలోనే ఉంది. శాస్త్రవేత్తలు అక్కడికి చేరి సూర్యుణ్ని పరిశీలించారు. అందరూ తలుపులు వేసుకునే వేళ కొందరు తలుపులు తీసుకొని బయటికి వచ్చారు. మనకు తెలిసిన విషయాలు వారి వల్ల తెలిసినవే.

తమ్ముళ్లకు ఒక పని

2031 మే 21, బుధవారం. ఆ రోజు కేరళ, తమిళనాడులో వలయాకార గ్రహణం, మన హైదరాబాద్‌లో మధ్యాహ్నం వేళ పాక్షిక గ్రహణం. మే నెల, నడి ఎండాకాలం, మబ్బులు లేని ఆకాశం దొరికే అవకాశం ఎక్కువ. మేము చేయలేకపోయింది మీరు చేయండి:

1. గ్రహణానికి వారం ముందు నుంచే రోజూ ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు అంకెలు రాయండి. పక్క గడిలో ఆకాశం ఎలా ఉందో తప్పక రాయండి.

2. నీడలో ఒకటి, ఎండలో ఒకటి, రేకుల కింద ఒకటి థర్మామీటరు పెట్టండి.

3. సూర్యుణ్ని నేరుగా చూడకండి. ఎక్స్‌రే ఫిల్ములు, సీడీలు, నల్ల కళ్లద్దాలు, మసి పట్టిన గాజు, పసుపు నీళ్లలో ప్రతిబింబం ఏవీ పనికిరావు. కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదు.

4. చిన్న అద్దం ముక్కకు అర సెంటీమీటరు రంధ్రం ఉన్న కాగితం అంటించి, ఎండను గదిలోని గోడ మీదికి మళ్లించండి. పది మీటర్ల దూరాన తొమ్మిది సెంటీమీటర్ల సూర్యుడు పడతాడు. హాస్టల్ అంతా కూర్చొని చూడవచ్చు. అద్దంలోకి మాత్రం ఎవరూ చూడకూడదు.

5. ఆ రోజు వేళకు అన్నం తినండి, నీళ్లు తాగండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు నీళ్లు, గాలి అందేలా చూడండి. పెద్దలతో గొడవ పడవద్దు, కొలిచి చూపించండి.

మా నోటుబుక్కులో ఇంకా నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఈ వార్షికోత్సవం రోజున దానిని, ఆ రెండు థర్మామీటర్లతో సహా, హాస్టల్ గ్రంథాలయానికి ఇస్తున్నాం. మిగిలిన పేజీలు మీవి.