రైలు కిటికీ నేర్పే పాఠం

న్యూఢిల్లీ నుంచి చెన్నైకి వెళ్ళే ప్రధాన రైలుమార్గం పొడవు సుమారు 2,180 కిలోమీటర్లు. 1929లో కాజీపేట–బల్లార్షా భాగం పూర్తి కావడంతో ఉత్తర దక్షిణ భారతాలను సూటిగా కలిపే ఈ దారి ఏర్పడింది. ఢిల్లీ గాక ఎనిమిది రాష్ట్రాల నేల మీదుగా ఇది సాగిపోతుంది. ఇంత దేశాన్ని దాటి వచ్చిన ప్రయాణికుణ్ణి దారిలో ఏ యే నదులు వచ్చాయని అడిగితే, నేడు చాలామంది జవాబు చెప్పలేరు. అరచేతిలోని సెల్‌ఫోన్ తెర మీద చూసిన సినిమా కథ మాత్రం పూర్తిగా చెప్పగలరు. ఆ సినిమాను ఇంటివద్ద కూర్చుండి కూడా చూడవచ్చు. నర్మదను వంతెన మీదినుంచి చూసే అవకాశం ప్రయాణంలోనే లభిస్తుంది.

చంబల్ లోయలు, సాంచీ కొండ

ఆగ్రా దాటి ధోల్‌పూర్, మొరేనాల మధ్య రైలు చంబల్ నదిని దాటుతుంది. ఇరువైపుల నేల వేలాది గండ్లుగా చీలి కనిపిస్తుంది. వీటిని అక్కడివారు బీహడ్ అంటారు. మెత్తని ఒండ్రునేలపై చెట్టు చేమల రక్షణ కొరవడినప్పుడు, వాననీరు ఏటేటా మట్టిని కోసుకొనిపోగా ఏర్పడిన లోయలివి. భూసార పరిరక్షణ ఎందుకు అవసరమో పాఠ్యపుస్తకం పది పుటలలో చెప్పే విషయాన్ని ఈ దృశ్యం పది నిమిషాలలో చెబుతుంది.

విదిశ దాటిన కొద్దిసేపటికే సాంచీ వస్తుంది. కొండమీది స్తూపం రైలులోనుంచే కనిపిస్తుంది. ఆ స్తూపపు దక్షిణ తోరణం మీద శాతకర్ణి మహారాజు శిల్పుల పెద్ద అయిన ఆనందుడు చేసిన దానాన్ని తెలిపే శాసనం ఉన్నది. దక్కన్‌ను ఏలిన శాతవాహనుల పేరు మధ్యప్రదేశ్‌లోని కొండమీద నిలిచి ఉండడం తెలుగువారు గమనింపదగిన విశేషం. సాంచీకి, భోపాల్‌కు నడుమ రైలు కర్కట రేఖను దాటుతుంది. నేలమీద గీత ఏదీ ఉండదు. తెలిసి చూసేవారికి మాత్రమే ఆ క్షణం విలువైనది.

ఒకే కొండ, రెండు సముద్రాలు

భోపాల్ తరువాత మార్గం వింధ్య పర్వతాల అడవులలోనుంచి దిగువకు జారి, నర్మదాపురం వద్ద నర్మదను చేరుకుంటుంది. అమర్‌కంటక్‌లో పుట్టి, వింధ్య సాత్పురా శ్రేణుల మధ్యగా 1,312 కిలోమీటర్లు పశ్చిమానికి పారే నది ఇది. వంతెన రాగానే చేతులు జోడించే పెద్దలు నేటికీ పెట్టెలో కనిపిస్తారు. వారు ఏ ప్రాంతంవారైనా, ఏ భాష మాట్లాడేవారైనా ఆ నమస్కారం ఒక్కటే.

ఇటార్సీ నుంచి దారి సాత్పురా కొండలనెక్కుతుంది. టేకు అడవి వానాకాలంలో దట్టంగా ఉండి, వేసవిలో ఆకు రాల్చి బోసిపోతుంది. ఫాల్గుణ మాసంలో మోదుగ పూచి కొండవాలులను ఎరుపెక్కిస్తుంది. హిందీవారి పలాశమే తెలుగువారి మోదుగ; ఆ పూలతో హోలీకి రంగు కాచే ఆచారం ఉత్తరాదిన ఉన్నది.

ఈ మార్గంలోనే ముల్తాయీ అనే చిన్న స్టేషన్ ఉన్నది. తపతీనది పుట్టినది ఇక్కడే. వార్ధానది జన్మస్థానమూ ఈ పరిసరాలలోనిదే. తపతి పడమటికి పారి అరేబియా సముద్రంలో కలుస్తుంది. వార్ధా దక్షిణానికి దిగి, వైనగంగతో కూడి ప్రాణహితగా మారి, కాళేశ్వరం వద్ద గోదావరిలో చేరుతుంది. అంటే ముల్తాయీ కొండలలో పడిన వాన కొంత గుజరాత్‌కు, కొంత తెలంగాణ, ఆంధ్ర తీరాలకు పంచబడుతున్నది. నదీజలాలపై రాష్ట్రాలు వాదించుకొనే ఈ కాలంలో, తమ పొలానికి వచ్చే నీరు ఎవరి కొండమీద పుట్టిందో కంటితో చూసినవారి ఆలోచనకు కొంత విశాలత అబ్బుతుంది.

భాష మారే నేల

నాగపూర్ నుంచి నల్లరేగడి, ప్రత్తిచేలు తోడు వస్తాయి. బల్లార్షా దాటి వార్ధానది మీదుగా కొంత దూరం సాగిన తరువాత స్టేషన్ల పేరుపలకలపై తెలుగు లిపి కనిపించనారంభిస్తుంది. ఆ చెట్లు, ఆ వాగులు మాత్రం సరిహద్దును ఎరుగవు. మంచిర్యాల, రామగుండంల మధ్య గోదావరి వస్తుంది. వరంగల్ ప్రాంతంలో గుండ్రాళ్ళ గుట్టలు, కాకతీయుల కాలంనుంచి వస్తున్న చెరువుల సంప్రదాయం కన్నులకు కడతాయి. విజయవాడ వద్ద కృష్ణ వంతెన మీదినుంచి 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీని చూడవచ్చు. ఆపైన డెల్టా వరిచేలు, తాటిచెట్లు, నెల్లూరు వద్ద పెన్నానది, చివరకు తమిళనాడు.

చూడడం ఒక అలవాటు

సెల్‌ఫోన్ ప్రయాణికునికి శత్రువు కాదు. టిక్కెట్టు, కబురు, పటం అన్నీ అందులోనే ఉన్నాయి. రానున్న నది పేరు అందులో వెదకి, తరువాత దానిని సంచిలో పెట్టడం మంచి పద్ధతి. పిల్లలకు బయలుదేరే ముందే నదుల పేర్లు వరుసగా ఒక కాగితంపై వ్రాసి ఇచ్చి, దాటిన కొద్దీ గుర్తు పెట్టుకొమ్మనవచ్చు. రాత్రివేళ దాటిపోయిన భాగం తిరుగు ప్రయాణంలో పగటిపూట రావచ్చు. తలుపువద్ద నిలబడి ఫొటోలకై వంగడం ప్రాణాపాయకరం. చూడడానికి కిటికీ చాలు.

“తాతయ్యా, ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి?” అని పిల్లవాడు అడిగే ప్రశ్న నది కనిపించినప్పుడే పుడుతుంది. తల వంచుకొని కూర్చున్న పిల్లవానికి ఆ ప్రశ్న రాదు. ప్రక్కన తాతయ్య కూడా తెర చూస్తూ ఉంటే జవాబు చెప్పేవారూ ఉండరు. ఆ విధంగా ఒక తరానికి తెలిసిన దేశం మరొక తరానికి అందకుండానే మిగిలిపోతుంది.

రైలు వంతెన మీదికి రాగానే చక్రాల ధ్వని మారుతుంది. ఆ ధ్వని వినబడినప్పుడు తల ఎత్తి చూడగలిగితే, పాఠం ఆరంభమైనట్లే.