జీతపు తేదీ లేని వారికి పొదుపు తేదీ

సమానమైన ఆదాయం గల రెండు కుటుంబాలలో ఒకటి క్రమంగా నిలదొక్కుకొంటుంది, మరొకటి ఏళ్ళ తరబడి అప్పులలోనే కొట్టుమిట్టాడుతుంది. కారణమేమని అడిగితే, "వీరు పొదుపరులు, వారు దుబారా మనుషులు" అని మనము తేలికగా సమాధానం చెబుతాము. అది సగము మాత్రమే నిజము. మిగిలిన సగము తెలుసుకొనడానికి ఒక ఉక్కు నగరానికి వెళ్ళి వద్దాము.

సీతారాండేరాలో రెండు ఇళ్ళు

టాటా ఇనుము ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. 1912లో దాని కర్మాగారంలో ఉక్కు తయారయింది. ఆ కర్మాగారం వెలసిన సాక్చి గ్రామానికి 1919లో జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. పని కోసం అక్కడికి చేరిన పలు ప్రాంతాల వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. వారిలో ఎన్నో కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. నేడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉన్న ఆ నగరంలో సీతారాండేరా ఒక పేట.

ఆ పేటలో పక్కపక్కనే ఉన్న రెండు తెలుగు కుటుంబాలను ఊహించుకొనండి. ఒక ఇంటి యజమాని కర్మాగారంలో కార్మికుడు. మరొక ఇంటి యజమాని తోపుడు బండిపై ఇడ్లీలు అమ్ముకొనే వ్యక్తి. నెల మొత్తానికి లెక్క చూస్తే ఇద్దరి సంపాదన ఇంచుమించు సమానమే. ముప్పది సంవత్సరాల తరువాత కార్మికుని చేతికి భవిష్యనిధి సొమ్ము అందుతుంది. బండి యజమానికి అటువంటిదేమీ ఉండదు.

కార్మికుడు ఎక్కువ బుద్ధిమంతుడు కావడం వలన ఇట్లా జరిగిందా? కాదు. ఆయన జీతంలో కొంత భాగము చేతికి అందకముందే నిధిలో జమ అయింది. ఆ సంస్థ 1920లోనే తన కార్మికులకు భవిష్యనిధిని ఏర్పాటు చేసింది. 1952లో వచ్చిన చట్టము ఈ పద్ధతిని దేశంలోని ఇతర కర్మాగారాలకు విస్తరింపజేసింది. అనగా కార్మికుని పొదుపు ప్రతి నెలా ఆయన మనోనిగ్రహముపై ఆధారపడలేదు, తేదీపై ఆధారపడింది. బండి యజమాని మాత్రము ప్రతి సాయంత్రము తన మనస్సుతో తానే పోరాడవలసి వచ్చింది.

పాఠకులారా, రైతుకు, చిల్లర వర్తకునికి కూడా జీతపు తేదీ లేదు. కనుక పొదుపు తేదీని మనమే ఏర్పరచుకోవాలి.

విత్తనపు గింజల నీతి

ఇది మీకు కొత్త విషయము కాదు. పంట నూర్చిన వెంటనే మేలైన గింజలను విత్తనానికని వేరుగా తీసి దాచడం మన పెద్దల ఆచారము. తిండికి కొరత వచ్చినా ఆ గింజల జోలికి పోయేవారు కారు. తిన్న తరువాత మిగిలినవి విత్తనాలుగా దాచుదామనుకొంటే మరుసటి ఏడు పొలం బీడు పడుతుంది. ధాన్యం విషయంలో ఇంత జాగ్రత్త వహించే మనము డబ్బు విషయంలో మాత్రము ఖర్చులు పోగా మిగిలినది దాచుదామనుకొంటాము. అట్లా మిగిలేది అరుదు.

నెల్లూరు మహిళల రూపాయి

దినచర్య మారితే ఇంటి పరిస్థితి మారుతుందనడానికి నెల్లూరు జిల్లా సాక్ష్యము. అక్షరాస్యతా ఉద్యమపు చదువుల నుండి స్ఫూర్తి పొంది దూబగుంట మహిళలు సారా అమ్మకాన్ని ఎదిరించారు. 1992లో ఆ పోరాటము రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధము అమలులోకి వచ్చింది. కూలి డబ్బు ఇంటికి రాకముందే సారా కొట్టుకు చేరుతున్నదన్నదే ఆ మహిళల ఆవేదన.

వారు అంతటితో ఆగలేదు. "పొదుపు లక్ష్మి" పేరిట సంఘాలుగా ఏర్పడి రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టసాగారు. ఆ రూపాయి చిన్నదే. కాని తప్పక జమ చేయడం వలన సంఘానికి సొంత నిధి ఏర్పడింది, సభ్యుల మధ్య నమ్మకము పెరిగింది. నాబార్డు 1992లో 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానం చేసే ప్రయోగాన్ని ప్రారంభించింది. పూచీకి ఆస్తి లేని మహిళలకు క్రమబద్ధమైన ఆ పొదుపే పూచీ అయింది.

వడ్డీకి సెలవు లేదు

ఇప్పుడు ఒక లెక్క వేయండి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చుకొన్నారనుకొందాము. నెలకు 300, సంవత్సరానికి 3,600 రూపాయలు వడ్డీ. అనగా రోజుకు దాదాపు పది రూపాయలు. అదే పది రూపాయలు రోజూ దాచితే సంవత్సరానికి 3,650 రూపాయలు అవుతాయి. "రోజుకు పది రూపాయలు నేను దాచలేను" అనే వ్యక్తి, అప్పు తెచ్చిన నాటి నుండి ఆ పది రూపాయలు రోజూ చెల్లిస్తూనే ఉన్నాడు. అయితే అవి తన ఖాతాలో కాక మరొకరి పెట్టెలో పడుతున్నాయి.

వాయిదా తేదీకి కూడా ఇట్లాగే విలువ ఉంది. కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకం క్రింద 2025-26లో కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు పంట ఋణానికి వడ్డీ 7 శాతము. సకాలంలో చెల్లించిన వారికి మరో 3 శాతము రాయితీ లభించి, పడే భారము 4 శాతమే. లక్ష రూపాయలకు సంవత్సర కాలంలో 7,000 ఎక్కడ, 4,000 ఎక్కడ! కేవలము తేదీని మరచినందుకు 3,000 రూపాయలు పోగొట్టుకొనడం తగునా?

అలవరచుకోవలసిన నాలుగు పద్ధతులు

1. పంట అమ్మిన రోజున ఇంటికి చేరకముందే నిర్ణీత భాగాన్ని, నూటికి ఐదు రూపాయలైనా సరే, పొదుపు ఖాతాలో వేయండి. పాడి ఉన్నవారు పాల డబ్బు వచ్చిన రోజును పొదుపు తేదీగా పెట్టుకొనండి.

2. వాయిదా తేదీని గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టండి. నెల రోజుల ముందు మరొక గుర్తు పెట్టండి.

3. ప్రతి రాత్రి ఐదు నిమిషాలు జమాఖర్చు వ్రాయండి. ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే వారిచేత వ్రాయించండి.

4. ఎరువులు, విత్తనాలు అమ్మే డీలర్లు గల్లా పెట్టెను ఇంటి పెట్టెగా భావించరాదు. ఇంటి ఖర్చుకు నెలకు ఇంత అని నిర్ణయించుకొని, ఒకే తేదీన తీసుకొనండి. అరువు పద్దులను వారానికొకసారి సరిచూసుకొనండి.

ఒక మాట స్పష్టం చేయాలి. వాన రాకపోవడం, ధర పడిపోవడం, ఇంట జబ్బు చేయడం ఎవరి అలవాట్ల లోపమూ కాదు. అటువంటి కష్టము కలిగినపుడు ముఖం చాటు చేయక, వాయిదా తేదీకి ముందే బ్యాంకు శాఖకు వెళ్ళి పరిస్థితిని వివరించండి. తేదీ దాటిన తరువాత వెళ్ళడం కంటే ముందే వెళ్ళి చెప్పుకొనడం మేలు. మంచి అలవాట్లు కరువును ఆపలేవు. కాని కరువు నాడు వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిన అవసరాన్ని తగ్గించగలవు.

ఈ నెల అభ్యాసము

ఈ పత్రికను పక్కన పెట్టకముందే మీ ఇంటికి డబ్బు వచ్చే రోజులను ఒక కాగితంపై వ్రాయండి. వాటిలో ఒకదానిని పొదుపు తేదీగా ఎంచుకొని, ఎంత దాచాలో దాని ఎదుట వ్రాయండి. ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి, క్యాలెండరు పక్కనే అంటించండి. మూడు నెలలు ఆ తేదీని తప్పకుండా పాటిస్తే, నాలుగవ నెల ఎవరూ గుర్తు చేయవలసిన అవసరముండదు.