జోజప్ప: పేరు వెనుక పాఠం

జోజి, జోజప్ప, జోసఫ్ అనే పేర్లు వినిపించని విచారణ మనలో అరుదు. ఇవన్నీ ఒకే పేరు. బైబులులో యోసేపు అని చదువుతాం. మన ముస్లిం సోదరులు యూసుఫ్ అంటారు. ఇటలీవారికి జుసెప్పె, స్పెయిన్‌వారికి హోసే.

హెబ్రీ భాషలో ఈ పేరుకు "ఆయన ఇంకా చేర్చును గాక" అని అర్థం. ఇది ఒక తల్లి కన్నీటిలోనుండి పుట్టిన పేరు. రాహేలుకు చాలాకాలం సంతానం లేదు. చివరకు కొడుకు పుట్టగానే దేవుడు తన నింద తొలగించాడని సంతోషించింది. మరో కుమారుని కూడ అనుగ్రహించమని కోరుతూ ఈ పేరు పెట్టింది (ఆదికాండము 30:22-24). కృతజ్ఞత, ప్రార్థన రెండూ ఒకే మాటలో ఇమిడాయి.

ఇక మరియతల్లి భర్త జోజప్పగారిని చూడండి. ఆయన పలికిన మాట ఒక్కటైనా సువార్తల్లో లేదు. అయితే దూత చెప్పినట్లు బిడ్డకు 'యేసు' అని పేరు పెట్టినది ఆయనే (మత్తయి 1:25). పేరు పెట్టడమంటే ఆ బిడ్డను తన బిడ్డగా స్వీకరించి, బాధ్యత తలకెత్తుకోవడం.

ఐరోపాలో ఈ పేరు మొదటినుండి ఇంత వాడుకలో లేదు. ఆయనపట్ల భక్తి పెరిగేకొద్దీ పేరూ వ్యాపించింది. అవిలాపురి పునీత తెరేసమ్మ 1562లో తాను స్థాపించిన మొదటి మఠానికి ఆయన పేరే పెట్టింది. 1621లో 15వ గ్రెగోరి పాపుగారు మార్చి 19 పండుగను శ్రీసభ అంతటా ఆచరించాలన్నారు. 1870లో 9వ భక్తినాథ పాపుగారు ఆయనను విశ్వ శ్రీసభ పాలకునిగా ప్రకటించారు. 2013 నుండి దివ్యపూజలోని రెండు, మూడు, నాలుగు కృతజ్ఞతా ప్రార్థనల్లోనూ ఆయన పేరు చేరింది.

జ్ఞానస్నానానికి పునీతుల పేరే పెట్టాలా అని కొందరు అడుగుతారు. 1917 నాటి శ్రీసభ చట్టం క్రైస్తవ నామం ఉండేలా చూడమంది. తల్లిదండ్రులు వేరే పేరు కోరితే ఒక పునీతుని పేరు దానికి జతచేయమంది. 1983 చట్టం (855) క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు పెట్టకుండా చూడమని మాత్రమే తల్లిదండ్రులకు, జ్ఞానతల్లిదండ్రులకు, విచారణ గురువుకు చెబుతుంది. కనుక కరుణ, ఆనంద్, శాంతి వంటి పేర్లకు అడ్డులేదు.

అయితే పలకడానికి కొత్తగా ఉందని మాత్రమే పేరు ఎంచుకుంటే, రేపు బిడ్డ "నాకీ పేరెందుకు పెట్టారు?" అని అడిగినప్పుడు ఏమి చెబుతాం? ఇంట్లో జోజి ఉంటే, ఈ ఆదివారం భోజనాల దగ్గర రాహేలు కథ చెప్పండి. తన పేరే ఒక ప్రార్థన అని ఆ బిడ్డకు తెలియనివ్వండి.