రిజర్వు... బంకు దాకానే!

డాష్‌బోర్డు మీద పసుపురంగు దీపం వెలిగింది. ఎదురుగానే బంకు. బండి లోపలికి తిప్పుతారా? ‘ఇంకో యాభై కిలోమీటర్లకు ఢోకా లేదులే’ అనుకుని ముందుకు పోతారా? మీరు రెండో రకమైతే ఈ వ్యాసం మీకోసమే. ఎందుకంటే ఈ అలవాటు స్టీరింగు దగ్గర మొదలై అక్కడే ఆగదు.

పాత బైకులు నడిపినవాళ్లకు ‘రిజర్వులో పడటం’ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ట్యాంకు కింద చిన్న మర ఉండేది. దానికి లోపల రెండు దారులు. ఒకటి కాస్త ఎత్తు నుంచి, రెండోది అడుగు నుంచి పెట్రోలు తీసుకునేది. పెట్రోలు పై దారి కంటే కిందికి దిగగానే బండి జర్కులిచ్చి ఆగబోయేది. ఎడమచేత్తో మర తిప్పితే మళ్లీ కదిలేది. అక్కణ్నుంచి బుర్రలో ఒకటే లెక్క: దగ్గర్లో బంకు ఎక్కడుంది?

కారులో ఆ మర లేదు, దీపం ఉంది. బైకు మనల్ని ఆపి మరీ హెచ్చరించేది. కారు ఏ ఇబ్బందీ పెట్టకుండా మర్యాదగా చెబుతుంది. మర్యాదగా చెప్పేదాన్ని పక్కనపెట్టడం మనకు మహా తేలిక!

దీపం చెప్పేదేమిటి?

చాలా కార్లలో ట్యాంకులో ఐదారు లీటర్లు ఉండగానే ఈ దీపం వెలుగుతుంది. మోడల్‌ను బట్టి ఈ లెక్క మారుతుంది. మీ కారు సంగతి దాంతోపాటు వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో పడేసిన పుస్తకమే అది. ఇవాళే తీసి చూడండి.

ఐదు లీటర్లను పదిహేను కిలోమీటర్ల మైలేజీతో గుణిస్తే 75 కిలోమీటర్లు. ఇది కాగితం మీది లెక్క. ఏసీ వేసుకుని సాయంత్రం అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే లీటరుకు పది రావడం కూడా కష్టం. అప్పుడది 50 కిలోమీటర్లు కూడా కాదు. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఇంకా తగ్గుతుంది. పైగా ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని కొలిచేది నీటిమీద బెండులా తేలే ఒక బిళ్ల. బండి ఎత్తు ఎక్కినా, వంపు తిరిగినా పెట్రోలు ఒక పక్కకు ఒరుగుతుంది, కొలతా అటూ ఇటూ అవుతుంది. ‘ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోవచ్చు’ అని తెరమీద కనిపించే అంకె కూడా, ఇప్పటిదాకా మీరు నడిపిన తీరును బట్టి కట్టిన అంచనాయే. ముందున్న జామ్ సంగతి దానికి తెలియదు.

ఒక్కమాటలో చెప్పాలంటే, దీపం మీకు దూరాన్ని హామీ ఇవ్వడం లేదు, నిర్ణయం తీసుకోవడానికి వ్యవధి ఇస్తోంది. ఆ మిగిలిన ఐదు లీటర్లు బంకు దాకా చేరడానికి. వాటిని ప్రయాణం ఖాతాలో వేసుకోకూడదు.

నాలుగు సాకులు

‘రేపు ధర తగ్గుతుందేమో!’ మన దేశంలో 2017 జూన్ 16 నుంచి పెట్రోలు, డీజిల్ ధరలను ఏ రోజుకారోజు ఉదయం ఆరింటికి సవరించే పద్ధతి వచ్చింది. సరే, రేపు లీటరుకు అర్ధరూపాయి తగ్గిందనే అనుకుందాం. ముప్ఫై లీటర్ల మీద మిగిలేది పదిహేను రూపాయలు. దానికోసం రాత్రంతా ఖాళీ ట్యాంకుతో తిరగడం పొదుపు అవుతుందా?

‘ఫుల్ కొట్టిస్తే బరువుకు మైలేజీ పడిపోతుంది.’ లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అదనంగా ఇరవై లీటర్లు మోస్తే పదిహేను కిలోలు. వెయ్యి కిలోల కారుకు అదొక లెక్క కాదు. డిక్కీలో నెలల తరబడి తిప్పుతున్న పనికిరాని సామాను తీసేయండి, అంతకు అంత సరిపోతుంది.

‘బంకు ఎక్కడికి పోతుంది?’ బంకు ఎక్కడికీ పోదు, పెట్రోలే రాకపోవచ్చు. 2024 జనవరి 2న హైదరాబాద్‌లో అదే భయం పుట్టింది. హిట్ అండ్ రన్ కేసుల కొత్త చట్టం మీద లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగడంతో బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. అలాంటి రోజున సగం ట్యాంకు ఉన్నవాడు తన పనికి తాను పోతాడు. దీపం వెలుగుతున్నవాడికి క్యూలో నిలబడటమే ఆ రోజు పని.

‘నిన్న కూడా వచ్చాం కదా!’ అన్నిట్లోకీ ప్రమాదకరమైన సాకు ఇదే. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. రాకెట్ అతుకుల్లోని రబ్బరు రింగులు దెబ్బతింటున్న సంగతి అంతకుముందు ప్రయోగాల్లోనే ఇంజనీర్లకు కనిపించింది. అయినా ప్రతిసారీ వ్యోమనౌక క్షేమంగానే తిరిగొచ్చింది గనుక, ఆ లోపం మామూలు విషయమైపోయింది. ఈ ధోరణిని లోతుగా పరిశోధించి 1996లో పుస్తకం రాసిన అమెరికన్ సామాజికవేత్త డయాన్ వాన్, గీత దాటడమే క్రమంగా కొత్త గీతగా మారిపోతుందని తేల్చారు. దీపం వెలిగాక మొదటిసారి పది కిలోమీటర్లు పోతాం. ఏమీ కాదు. మరోసారి ఇరవై, ఆపైన ముప్ఫై. బండి ఆగకపోవడం మన తెలివి అనుకుంటాం. అది అదృష్టం. దాని నిల్వ ఎంతుందో చూపే ముల్లు ఏ బండిలోనూ లేదు.

ఖాళీ ట్యాంకు ఖరీదు

ఒక చిన్న నిజం గుర్తుంచుకోండి. ట్యాంకులో పై సగంలోని లీటరు ధర, కింది సగంలోని లీటరు ధర ఒక్కటే. ముల్లు సగంలో ఉండగా కొట్టించినా, అడుగంటాక కొట్టించినా నెలకు అయ్యే ఖర్చు మారదు. మారేది రిపేరు ఖర్చు.

ఇప్పటి పెట్రోలు కార్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. దాన్ని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో తిప్పితే పంపు వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. డీజిల్ బండి పూర్తిగా ఎండిపోతే గొట్టాల్లోకి గాలి దూరుతుంది. మళ్లీ డీజిల్ పోసినా ఆ గాలి తీసేదాకా చాలా బండ్లు స్టార్ట్ కావు. అడుగున ఉన్న చెత్తంతా లాగేస్తుందన్న భయం మాత్రం కాస్త అతిశయోక్తి. ట్యాంకు నిండుగా ఉన్నా పంపు తీసుకునేది అడుగు నుంచే.

రిపేరు కంటే పెద్ద నష్టం, బండి ఆగే చోటు మన చేతుల్లో లేకపోవడం. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు బాగానే పడుతుంది, తర్వాత కాలి బలమంతా వేసి తొక్కాలి. ఇది వంతెన మీదో, హైవే మూడో లేన్లోనో జరిగితే? వెనక వచ్చే లారీకి మీ దీపం కథతో పనిలేదు.

పక్కసీటు హెచ్చరిక

1978 డిసెంబరు 28. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో దిగాల్సిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173వ విమానానికి చక్రాలు సరిగా దిగాయో లేదోనన్న అనుమానం వచ్చింది. కెప్టెన్ ఆ సమస్యలో మునిగిపోయాడు. విమానం సుమారు గంటసేపు నగరం చుట్టూ తిరిగింది. ఇంధనం తగ్గుతోందని కాక్‌పిట్‌లోని సహచరులు చెబుతూనే ఉన్నారు. కానీ గట్టిగా, ‘ఇక దిగాల్సిందే’ అన్నట్టు చెప్పలేదు. చెప్పినది కెప్టెన్ బుర్రకు ఎక్కలేదు. చివరికి ఇంజన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయి విమానం ఊరి శివార్లలో కూలింది. 189 మందిలో పదిమంది చనిపోయారు.

ఆ ప్రమాదం తర్వాతే విమాన సిబ్బంది శిక్షణ కొత్త దారి పట్టింది. కింది ఉద్యోగి నిర్భయంగా చెప్పాలి, పైవాడు చెవిపెట్టి వినాలి. ఈ రెండూ నేర్పే శిక్షణను ఆ సంస్థ 1981లో మొదలుపెట్టింది. తర్వాత ప్రపంచమంతా దాన్ని అందుకుంది.

మన కార్లో ఏం జరుగుతోంది? “ఏవండీ, బంకు వచ్చింది, ఆపండి” అంటుంది భార్య. “ముందు ఇంకోటి ఉందిలే” అంటాడు భర్త. “నాన్నా, దీపం వెలుగుతోంది” అంటాడు వెనకసీట్లోని పిల్లాడు. “నాకు తెలుసు, నువ్వు కూర్చో” అంటాడు నాన్న. స్టీరింగు పట్టుకున్నవాడికి అన్నీ తెలుసన్న భ్రమ అది. ఇంట్లోనైనా ఆఫీసులోనైనా మీతో భయపడుతూ ఒక మాట చెప్పినవాళ్లను ఒకసారి కసిరితే, రెండోసారి వాళ్లు నోరు విప్పరు. మీ దీపాల్లో ఒకటి ఆరిపోయినట్టే.

ఇవి పాటించండి

1. మీ ‘సున్నా’ను పైకి జరపండి. ఊళ్లో తిరిగేటప్పుడు ముల్లు పావుకు దిగితే ట్యాంకు ఖాళీ అయినట్టే లెక్క వేయండి. దూరప్రయాణాల్లో సగమే సున్నా.

2. అడవికి ముందే ఆపండి. మన్ననూరు దాటి నల్లమలలోకి, శృంగవరపుకోట దాటి అరకు ఘాట్‌లోకి, రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు వెళ్లేముందు ట్యాంకు చూసుకోవడం ఆ దారుల్లో తిరిగే టాక్సీ డ్రైవర్ల అలవాటు. అనుభవం ఉన్నవాడిని అనుకరించడంలో నామోషీ లేదు.

3. దీపం వెలిగితే మొదటి బంకే మంచి బంకు. పాయింట్లు వచ్చే కార్డు, నచ్చిన కంపెనీ, రోడ్డుకు ఎడమవైపే ఉండాలన్న పట్టింపు... ఇవన్నీ ట్యాంకు నిండుగా ఉన్నప్పటి ముచ్చట్లు.

4. కంగారులో వేగం పెంచకండి. త్వరగా చేరాలని తొక్కితే పెట్రోలు ఇంకా త్వరగా అయిపోతుంది. వేగం నిలకడగా ఉంచండి, ఏసీ ఆపండి.

5. దిగుడులో ఇంజన్ ఆపకండి, న్యూట్రల్ చేయకండి. ఇప్పటి కార్లలో గేరు ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంధనం దానంతట అదే ఆగుతుంది. న్యూట్రల్‌తో మిగిలేది లేదు, పోయేది మాత్రం బండి మీద అదుపు.

6. డిక్కీలో సీసా పెట్రోలు వద్దు. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు మోసుకు తిరగడమంటే ప్రమాదాన్ని వెంటబెట్టుకోవడమే.

7. ఆగిపోతే: ఇండికేటర్లు రెండూ వేసి బండిని ఎడమ అంచుకు తీయండి. అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి.

కారు దిగాక కూడా...

దీపం వెలిగేదాకా బంకు వైపు చూడనివాడు, జులై 31 రాత్రే ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్ను వేస్తాడు. సర్వర్ పనిచేయలేదని తిడతాడు. ఫీజు ఆఖరు రోజున కడతాడు. నెలాఖరుకు ఖాతాలో వెయ్యి మిగిలితే అది ఖర్చు పెట్టడానికే అనుకుంటాడు. రైలు కదిలే నిమిషానికి స్టేషన్ చేరడం తన సామర్థ్యమని చెప్పుకుంటాడు. రిజర్వును రోజువారీ ఖర్చులోకి లాగేసినవాడికి, నిజంగా అవసరం వచ్చిన రోజున చేతిలో ఏమీ ఉండదు.

దీన్ని మార్చడానికి గొప్ప సంకల్పబలం అక్కర్లేదు. గీత ఎక్కడ గీయాలో నిమ్మళంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి, అంతే. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంటే, మూడు నెలలకు తగ్గగానే అదే మీ దీపం. గడువు 30వ తేదీ అయితే మీ క్యాలెండరులో 25 అని రాసుకోండి. వరసగా రెండు రాత్రులు నిద్ర చాలకపోతే మూడో రాత్రి ఫోన్ పక్కన పడేయండి. గీత దగ్గరికొచ్చాక చర్చలు పెట్టుకోకండి. అప్పుడు బుర్ర సాకులే వెతుకుతుంది.

నిండు ట్యాంకు ఉన్నవాడికే దారి మార్చుకునే స్వేచ్ఛ ఉంటుంది. జామ్ అయితే చుట్టూ తిరిగి పోగలడు, ఎవరికైనా ఆపద వస్తే అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లగలడు. రేపు ఉదయం బండి తీసేముందు ముల్లు ఎక్కడుందో చూడండి. పావు కంటే కిందుంటే ఆఫీసు కంటే ముందు బంకుకే వెళ్లండి!