పట్టాలు లేని రైలుదారి

న్యూజీలండు దేశపు దక్షిణ ద్వీపమున ఓటాగో అను ప్రాంతము కలదు. అచ్చట క్లైడ్ అను చిన్న పట్టణమునుండి మిడిల్‌మార్చ్ అను మరియొక పట్టణమువరకు 152 కిలోమీటర్ల పొడవున ఒక రైలుదారి యున్నది. కాని దానిపై రైలు నడువదు, పట్టాలును లేవు. సైకిళ్లపై పోవువారును, పాదచారులును ఆ దారిని సంచరింతురు.

1860 తరువాత ఈ ప్రాంతపు లోయలలో బంగారము దొరకుటచే జనులు తండోపతండములుగా వచ్చి చేరిరి. రైలుదారి పని 1879లో మొదలయ్యెను. కొండలు, లోయలు అడ్డుపడుటచే పని మెల్లగా సాగెను. 1891లో మిడిల్‌మార్చ్‌కు చేరిన దారి క్లైడ్‌కు చేరుటకు 1907 వరకు పట్టెను.

ఆవిరి ఇంజను ఇనుప చక్రములు ఇనుప పట్టాలపై దొరలునవి. ఎత్తు ఎక్కువైనచో చక్రము జారును. బండి ముందునకు సాగదు. కావున ఇంజనీర్లు దారిని 50 మీటర్లకు 1 మీటరుకంటె ఎక్కువ ఎత్తు పెరుగకుండునట్లు నిర్మించిరి. కొండ ఎదురైనచోట చుట్టు త్రిప్పిరి. తప్పనిచోట సొరంగము త్రవ్విరి. లోయ వచ్చినచోట వంతెన కట్టిరి. పూల్‌బర్న్ లోయపై నిలిచిన వంతెన ఎత్తు 37 మీటర్లు. బరువైన బండికొరకు పడిన ఆ శ్రమయే నేడు సైకిలు త్రొక్కువానికి సుఖమైనది.

కాలక్రమమున మోటారు లారీలు వచ్చెను. రైలుకు సరుకు తగ్గెను. 1990లో ఈ భాగమున రైళ్లు నిలిచిపోయెను. పట్టాలు పెరికివేయబడెను. దారి వెంబడినున్న పల్లెలకు దిక్కు తోచలేదు. ఆ పాత దారిని సైకిలుబాటగా మార్చవలెనను ఆలోచన కలిగినపుడు పొరుగు రైతులలో కొందరు సందేహించిరి. అయినను ప్రభుత్వ పరిరక్షణశాఖ 1993లో దానిని స్వీకరించెను. కంకర పరచి, వంతెనలపై బల్లలు బిగించి, అంచులకు కటకటాలు అమర్చిరి. 2000లో దారి సంపూర్ణమయ్యెను. పిమ్మట యాత్రికుల రాకచే పల్లెలలో బసలు, భోజనశాలలు వెలసెను. మాసిపోవుచున్న ఊళ్లు మరల కన్నులు తెరచెను.

ఈ దారిన పోదలచినవారు ముందుగా ఋతువును చూచుకొనవలెను. ఆ దేశమున డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మాసములు వేసవి; జూలై నడి శీతకాలము. దారికి సమీపమునందలి ఓఫిర్ గ్రామమున 1995 జూలైలో సున్నకు దిగువ 21 డిగ్రీలకు మించిన చలి నమోదయ్యెను. వేసవియందో ఎండ తీక్ష్ణము, చెట్లనీడ అరుదు. ఊరికి ఊరికి నడుమ నీరు దొరకదని యెంచి, బయలుదేరునపుడే సీసాలు నింపుకొనవలెను.

రెండవది దినముల విభజన. తొందరలేనివారికి ఐదు దినములు చాలును. మొదటిదినము క్లైడ్‌నుండి ఓమకౌకు సుమారు 37 కిలోమీటర్లు. రెండవదినము ఓటురెహువాకు 29. మూడవదినము రాన్‌ఫర్లీకి 25. నాల్గవదినము హైడ్‌కు 34. ఐదవదినము మిడిల్‌మార్చ్‌కు 27. దారిలో అత్యున్నతస్థలము సముద్రమట్టమునకు 618 మీటర్ల ఎత్తున, ఓటురెహువా దాటిన పిమ్మట వచ్చును. ఎక్కుడు సులభమే యైనను, ఎదురుగాలి వీచినచో పది కిలోమీటర్లు ఇరువదివలె తోచును. కావున చీకటి పడకముందే బస చేరునట్లు లెక్క వేసికొని, బసను ముందుగానే కుదుర్చుకొనవలెను.

మూడవది సామగ్రి. గాలిపంపు, ట్యూబునకు అతుకు వేయు వస్తువులు, వానకోటు, ఉన్నిచొక్కా, కొంత ఆహారము ఉండవలెను. బరువు హెచ్చినకొలది కాళ్లకు శ్రమ హెచ్చును. టార్చిలైటును మాత్రము మరువరాదు. పూల్‌బర్న్ లోయలోని రెండు సొరంగములు ఒక్కొక్కటి సుమారు 200 మీటర్ల పొడవుగలవి. లోపల దీపములు లేవు. అచ్చట సైకిలు దిగి నడచుట మేలు.

హైడ్ సమీపమున ఒక స్మారకస్తంభము కలదు. 1943 జూన్ 4వ తేదీన అతివేగముగా వచ్చిన రైలు మలుపులో పట్టాలు తప్పగా 21 మంది మరణించిరి. యాత్రికులు అచ్చట నిలిచి, తలవంచి సాగుదురు. తొందరపాటు ఎంత ప్రమాదమో ఆ రాయి చెప్పుచుండును.

బృందముగా పోవువారు గుర్తుంచుకొనదగిన సూత్రము ఒకటి కలదు. నాటి ఇంజనీర్లు తేలికబండిని తలచి దారి వేయలేదు. మిక్కిలి బరువైనదియు ఎక్కగలుగునట్లు వేసిరి. అట్లే ప్రయాణమును బలవంతుని వేగమునుబట్టి కాక, అందరికంటె వెనుకబడువాని శక్తినిబట్టి నిర్ణయింపవలెను. అట్లు చేసినపుడు ఎవ్వరును దారిలో మిగిలిపోరు. పల్లెపల్లెన ఆగి సాగు యాత్రికులవలన ఆ ఊళ్లును బ్రదుకును.

ప్రశ్నలు
1. రైలుదారిని తక్కువ ఏటవాలుతో నిర్మించుటకు కారణమేమి?
2. రైళ్లు నిలిచిపోయిన పిమ్మట పల్లెలు తిరిగి ఎట్లు కోలుకొనెను?
3. మీ బృందము ఐదు దినముల సైకిలుయాత్ర చేయవలెనన్నచో ముందుగా ఏయే విషయములు ఆలోచింతురు?