సమస్య - సలహా: తండ్రిగారి డాడ్జి



మా తాతగారు సిరిసిల్ల నుండి మగ్గము పని వెదకుకొనుచు సూరతు చేరిరి. నేనిక్కడనే పుట్టి పెరిగి, ఉధనాలో కొన్ని మరమగ్గములు నడుపుకొనుచు, తల్లితోను భార్యాబిడ్డలతోను కాలము గడుపుచున్నాను. మా తండ్రిగారు బొంబాయిలో కొని తెచ్చిన 1952 నాటి డాడ్జి కింగ్స్‌వే కారు మా షెడ్డు వెనుక రేకుల క్రింద నున్నది. పెట్రోలు ఖర్చునకు తాళలేక ఆయనకు ముందటి యజమాని యెవరో అసలు ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించెనట. 2006 ఆగస్టులో తాపీ వరద వచ్చినప్పుడు మేము రాందేరులో అద్దెకుంటిమి; బండి సీట్లు మునుగువరకు నీరు నిలిచినది. నాటినుండి అది నడువలేదు. తండ్రిగారును గతించిరి.

నాకు చిన్ననాటినుండియు అమెరికా మజిల్ కార్లనిన ప్రాణము. ఇక్కడి దళారి యొకడు, ఈ డాడ్జికి పెద్ద వి-8 ఇంజను బిగించి, నల్లరంగు వేసి, తెల్లచారలు దిద్దినచో మజిల్ కారుగా గొప్ప ధర పలుకుననుచున్నాడు. డల్లాసులోని మా పెదనాన్న కుమారుడు ఇంజను పంపెదనని మాట యిచ్చెను. మగ్గములపై అప్పు తెచ్చినగాని పని సాగదు. అమ్మాయి వచ్చే యేడు ఇంజినీరింగులో చేరవలెను గనుక మగ్గములు తాకట్టు పెట్టరాదని నా భార్య పట్టుబట్టినది. నాన్న బండి రూపు మార్చవద్దని మా అమ్మ కంటతడి పెట్టుచున్నది. నేనేమి చేయుదును?

— ఒక పాఠకుడు, సూరతు

సలహా

మీ తల్లిగారి మాటయు మీ భార్య మాటయు కలిసి మీ కోరికకు అడ్డు నిలిచినవని మీరు తలచుచున్నారు, నాకట్లు తోచలేదు. ఒకరు బండిని మార్చవద్దనుచున్నారు, ఒకరు మగ్గములను తాకట్టు పెట్టవద్దనుచున్నారు. బండిని బాగుచేయవద్దని ఇరువురిలో నెవ్వరును అనలేదు.

మీరు ప్రాణముగా భావించు ఆ మజిల్ కార్ల ధర్మమునే ముందు విచారింతము. 1964 మోడలుగా పాంటియాక్ కంపెనీవారు మధ్యరకపు దేహములో పెద్దకార్లకు వాడు 389 ఘనపుటంగుళముల ఇంజను నిమిడ్చి జీటీఓ అను బండిని విడుదల చేయుటతో ఊపందుకొనిన ఆ యుగము, హెచ్చిన బీమా రుసుములును, పొగను నియంత్రించు శాసనములును, 1973 నాటి చమురు సంక్షోభమును కూడి వచ్చి పడగా, పట్టుమని పదేండ్లైనను నిలువక ముగిసినది. ప్లిమత్తువారు 1971లో హెమీ అను బలమైన ఇంజనుతో చేసిన బారకుడా జాతి 'కూడా' కన్వర్టిబుళ్లు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. వానిలో నొకటి 2014లో 35 లక్షల డాలర్లకు వేలములో పోయినది. అంత ధర పలికినది ఇంజను బలమును జూచి యని మీ దళారి చెప్పవచ్చును. కాని ఆ బండ్లు కొనువారు మొట్టమొదట వంగి చూచునది ఇంజను దిమ్మపై చెక్కిన సంఖ్యను. ఆ సంఖ్య దేహముపై సంఖ్యతో కుదిరి, రెండును ఒక్క పుట్టుకవే యని తేలినగాని వారు ఉన్నత ధర మాట యెత్తరు. సామాన్యమైన బారకుడాకు తరువాత హెమీ తగిలించినచో, అది యెంత వేగముగా పరుగెత్తినను, వారి దృష్టిలో నకలే. కావున డాడ్జికి చారలు దిద్ది మజిల్ కారనిపించుట, పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లగును. మీరు గౌరవించు వారే దానిని గౌరవింపరు.

మీ బండికి తనదైన వంశము కలదు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ, బొంబాయి కుర్లాలోని కర్మాగారమున 1947 నుండి డాడ్జి, ప్లిమత్తు మొదలగు క్రైస్లరు కంపెనీ బండ్లను కూర్చుచుండెడిది. కింగ్స్‌వేకు పేరు డాడ్జిది, దేహము ప్లిమత్తుది. డీసోటో డిప్లొమాటు అను పేరుతో వచ్చినదియు నించుమించు అదియే. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో మన కూలీల చేతులమీదుగా కూర్పబడిన బండ్లలో నేడు మిగిలినవి కొన్నియే యైనప్పుడు, ఒకదానిని చేతులార చెరుపుట నాకు సమ్మతము కాదు.

శాసనమును మీ తల్లిగారి పక్షముననే యున్నది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము, యాబదియేండ్లు దాటిన బండి వింటేజి వాహనముగా నమోదు కావలెనన్న, చాసీలోగాని, దేహములోగాని, ఇంజనులోగాని పెద్దమార్పు జరిగియుండరాదు. కొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, పదేండ్ల గడువు. నిత్యము తిరుగుటకు అనుమతి లేదు, ప్రదర్శనలకును ర్యాలీలకును తీసికొని పోవచ్చును. వి-8 బిగించిన నాడే ఆ తలుపు మూసికొనును. ఇప్పుడున్న డీజిలు ఇంజనుతోను అదే చిక్కు.

కనుక వెదకవలసినది అసలు జాతి ఇంజను: ఆరు సిలిండర్లు వరుసగా నిలిచి, వాల్వులు ప్రక్కన నుండు ఫ్లాట్‌హెడ్. రెండవ ప్రపంచయుద్ధకాలపు సైన్యపు డాడ్జి బండ్లలో నున్నదియు ఆ కుటుంబమునకు చెందినదే గనుక, పాత మిలిటరీ సామాను అమ్మువారి వద్ద విచారించుడు. డల్లాసు సోదరునికిని ఈ పనియే అప్పగించుడు. కొనుటకు ముందు సిలిండరు హెడ్డు పొడవు కొలువవలెను. ఈ ఇంజనులలో 23 అంగుళములవి, 25 అంగుళములవి అని రెండు తెగలున్నవి, ఒకదాని హెడ్డు వేరొకదానికి అమరదు.

ఇంజను దొరకులోగా చేతిపని చాల కలదు. మగ్గములను సరిచేయు జాబరు పని యెరిగిన మీకు పానా పట్టుట నేర్పనక్కరలేదు గాని, రెండు మాటలు చెప్పెదను. ఆ కాలపు క్రైస్లరు బండ్లలో ఎడమవైపు చక్రముల బోల్టులకు మరలు తిరగేసి యుండును. కుడికి త్రిప్పినగాని ఊడవు. ఇది తెలియని మెకానిక్కులు బలము ప్రయోగించి విరుగగొట్టిన బోల్టులెన్నియో. వెనుక డ్రమ్ములు కొస సన్నబడిన ఇరుసుపై బిగిసియుండును. మంచి పుల్లరుతో లాగవలెనేగాని సుత్తి తాకింపరాదు. వరదనీరు నిలిచిన బండి గనుక బ్రేకు సిలిండర్లు, గొట్టములు, తీగలు సమస్తము విప్పి చూడవలెను. బ్యాటరీ ఆరు వోల్టులది, అందును పాజిటివ్ తీగ దేహమునకు కలుపబడునది. నేటి పద్ధతిని తగిలించినచో చిక్కు వచ్చును.

వీనియన్నిటికంటె ముందు, రిజిస్ట్రేషను పుస్తకములో ఏ ఇంజను సంఖ్య యున్నదో చూచుకొని, ఫారము 31 ద్వారా బండిని వారసత్వముగా మీ పేరికి మార్పించుకొనుడు. అంతవరకు డీజిలు ఇంజనును తుక్కువానికి వేయకుడు. ఒక సెలవునాడు ఇంటిల్లిపాదిని అహమ్మదాబాదు వద్ద కఠ్వాడాలో ప్రాణలాల్ భోగీలాల్ సేకరించిన కార్ల ప్రదర్శనశాలకు తీసికొనిపొండు. పాతబండి పాతబండిగానే యెంత సొగసుగా నిలువగలదో మీ భార్యయు చూడవలెను.

అప్పు మాట మరచిపొండు. బండి ఖర్చు లెక్క వేరు పుస్తకములో వ్రాసి, ఆ పుస్తకము ఆమె చేతికిండు. అమ్మాయి రుసుము కట్టవలసిన నెలలోను, నూలు కొనుటకు డబ్బు చాలని నెలలోను బండి పని ఆగవలెను. ఆగుమని చెప్పు అధికారము ఆమెదే.