రోబోటు – బరువు, పనితనము

పోటీలకై రోబోటును నిర్మించువారికి మొదట ఎదురగు చిక్కు బరువు. అట్టి పోటీలలో బరువునకు సాధారణముగా ఒక మితి యుండును. చక్రములు, చేయి, మోటార్లు, బ్యాటరీ – అన్నియు ఆ మితిలోనే ఇమడవలెను. కావున ఒక క్రొత్త పనిని చేర్చిన, మరియొకదానిని విడువవలసి వచ్చును.

మన రాష్ట్రమందలి పుణె నగరమున 2014 ఆగస్టులో జరిగిన ఆసియా-పసిఫిక్ రోబోకాన్ పోటీ ఇందులకు మంచి నిదర్శనము. అందు ప్రతి జట్టునకు రెండు రోబోటులు: ఒకటి తల్లి వంటిది, మరియొకటి బిడ్డ వంటిది. పెద్దది చిన్నదానిని మోసికొనిపోయి తూగుబల్లపైనను ఊయలలోను ఆడింపవలెను. తుదకు బిడ్డ తానే ఒక చట్రము నెక్కవలెను. వియత్నాం దేశపు లాక్ హాంగ్ విశ్వవిద్యాలయము గెలుపొందినది.

బిడ్డ బరువెక్కినచో ఏమగునో ఆలోచింపుడు. అడ్డముగా చాచిన చేతి చివర, 60 సెంటీమీటర్ల దూరమున ఒక కిలోను నిలుపుటకు, 20 సెంటీమీటర్ల దూరమున నిలుపుటకంటె మూడింతల బల భ్రామకము కావలెను. అందులకు పెద్ద మోటారు, దానికి పెద్ద బ్యాటరీ, వానిని మోయుటకు గట్టి చట్రము! ఒక కిలో పెక్కు కిలోలను వెంటబెట్టుకొని వచ్చును. అట్లని బిడ్డ మోటారును మరీ చిన్నది చేసినచో అది చట్రము నెక్కజాలదు.

లోహములందును ఇదే తూకము. అల్యూమినియము ఉక్కు బరువులో ఇంచుమించు మూడవవంతే. కాని వంగక నిలుచు గుణమును అంతే తక్కువ. అందుచేత దానిని బోలుగొట్టముగా వాడుదురు. మిక్కిలి తేలికయు మేలు కాదు. చక్రముపై బరువు చాలనిచో అది నేలను పట్టక జారును. బ్యాటరీని అడుగున నుంచిన యంత్రము సులభముగా బోర్లపడదు. ఎద్దుల మెడపై కాడి మోపకుండ, పైకి లేవకుండ బండిలో మూటలను ఇరుసుపై సర్దు మన రైతులకు ఈ నేర్పు తెలియనిది కాదు.

తల్లిదండ్రులు గమనింపవలసిన మాట యొకటి: ఎక్కువ భాగములు కొనిన జట్టే గెలుచునని లేదు. ప్రతి భాగమును తూచి, దాని బరువును, అది చేయు పనిని ఒక కాగితముపై వ్రాయింపుడు. తీసివేసినను ఏ పనియు ఆగని భాగమును ముందు విడువుడు. మూడు పనులను తడబడుచు చేయు రోబోటుకంటె, ఒక్క పనిని తప్పక చేయు రోబోటే పల్లెబడి జట్టునకు ఎక్కువ మార్కులు తేగలదు.

అభ్యాసము: చేయి పొడవును సగము చేసిన, అదే మోటారు ఎంత బరువును నిలుపగలదు? చేతి సొంత బరువును లెక్కింపవలదు.